అడ్డసాళ్ళు

ఆసుపత్రి నుంచి వచ్చిన ఆమె ఇంటికైనా పోకుండా నేరుగా చేను దగ్గరికి వెళ్ళి చూస్తే, ఆ చేలో ఎవరో అప్పటికే విత్తనం వేసేసి ఉన్నారు.

మొదట తన కళ్ళనే నమ్మలేదు. భుజాన ఉన్న సంచీ, చేతిలో ఉన్న నాన్న ఎక్స్‌రే కవరు గట్టు మీద పడేసి లోపలికి దిగింది. ఆ మధ్య పడిన జల్లుకి పైమట్టి సర్దుకుపోయి, దూరం నుంచి చూస్తే ఖాళీ చేనులాగే ఉంది. అడుగు వేస్తే మాత్రం మడమ కూరుకుపోతోంది. దున్ని వదిలేసిన నేలకి ఆ మెత్తదనం ఉండదు. ఆమె గొంతుక్కూర్చుని వేళ్ళతో మట్టి తోడింది. గులాబీ రంగు గింజ ఒకటి తగిలింది. జానెడు పక్కన ఇంకొకటి.

వేరుశెనగ. అదీ పరాయి విత్తనం కాదు. వేసవి అంతా తనే కూర్చుని కాయలు ఒలిచి, పుచ్చులు ఏరి, ఊరెళ్ళే ముందు పురుగు పట్టకుండా గులాబీ రంగు మందుపొడి కలిపి, విత్తనాల గదిలో మూతలు పెట్టి వెళ్ళిన గింజ.

ఇంకొకరైతే అక్కడే కూర్చుని సంతోషంతో ఏడ్చేవాళ్ళేమో. ఆ నేలకి కాలవ లేదు, బోరు లేదు. వాన పడ్డాక విత్తడానికి సరిపోయే తడి రెండు మూడు రోజులుంటుంది. దాన్నే పదును అంటారు. పదును పోయిందంటే ఏడాది పోయినట్టే. సరిగ్గా ఆ వాన పడ్డప్పుడు ఆమె పట్నంలో ఆసుపత్రి వరండాలో ఉంది. లోపల నాన్న కాలికి ఆపరేషన్ జరుగుతోంది. కిటికీ అద్దం మీద చినుకులు జారుతుంటే, జీవితంలో మొదటిసారి ఆమె వానని తిట్టుకుంది.

అయినా ఆమెకి సంతోషం రాలేదు. ఒళ్ళు మండింది.

ఎందుకంటే ఆ ఊళ్ళో ఎక్కడా రాసిలేని చట్టం ఒకటుంది. విత్తినవాడిదే కోత. నాన్నకి జ్వరం వచ్చిన ఏడు, బాబాయి ఎంతో ప్రేమగా కింది చేలో విత్తనం వేశాడు. ఈ ఒక్క ఏడాదికే అన్నయ్యా, నీకెందుకు శ్రమ అన్నాడు. ఆ ఒక్క ఏడాది ఇప్పటికీ పూర్తి కాలేదు. ఇక మిగిలింది ఈ మెట్టచేను ఒక్కటే.

"ఎవడయ్యా వాడు?" అంది ఆమె పైకే. దూరంగా గొర్రెలు కాసుకుంటున్న మనిషి ఉలిక్కిపడి, తనకేమీ తెలియదన్నట్టు చేతులూపి, మందని అవతలికి తోలుకుపోయాడు. లాయరమ్మ కోపంగా ఉన్నప్పుడు దగ్గర్లో ఉండకూడదని ఊరందరికీ తెలుసు. లా చదివి కాదు, తగువులో ఎదుటివాడికి పాయింటు మిగల్చదని ఆ పేరు పెట్టారు.

*

ఇంట్లో విత్తనాల డబ్బాలు ఖాళీ. గది తాళం మాత్రం చెక్కుచెదరలేదు. పశువుల కొట్టంలో ఎడ్లు రెండూ ఏమీ ఎరగనట్టు నెమరు వేస్తున్నాయి. గొర్రు మాత్రం మారింది. గొట్టాల్లోంచి గింజ జారవిడుస్తూ సాళ్ళు విత్తే ఆ పనిముట్టుని నాన్న ఎప్పుడూ తూర్పు గోడకి ఆనిస్తాడు. ఇప్పుడది పడమటి గోడకి ఉంది. మట్టి రవ్వంత లేకుండా కడిగేసి కూడా ఉంది. తప్పు చేసినవాడే అంత శుభ్రంగా కడుగుతాడు.

గొర్రుతో విత్తడానికి ఇద్దరు కావాలి. ఒకరు ఎడ్లని తోలాలి, ఇంకొకరు వెనకే నడుస్తూ గింజ వదలాలి.

నాయనమ్మ వసారాలో కూర్చుని ఉంది.

"నాయనమ్మా, చేలో విత్తనం ఎవరేశారు?"

"ఆఁ, మీ నాన్న ఎలా ఉన్నాడు?"

"బాగున్నాడు. విత్తనం ఎవరేశారు?"

"బాగున్నాడా. నాకీ మధ్య బొత్తిగా వినబడ్డం లేదే తల్లీ."

తను పట్నం వెళ్ళేదాకా వీధి చివర పాలవాడి సైకిలు బెల్లు వినబడ్డ చెవులవి. ఆమె నాయనమ్మ కుడిచెయ్యి పట్టుకుని వెలుగులోకి తిప్పింది. గోళ్ళ సందుల్లో గులాబీ రంగు.

"ఇదేమిటి?"

"బీట్‌రూటు తరిగాను."

"మనింట్లో బీట్‌రూటు ఎవరు తింటారు?"

"అందుకే పారేశాను," అంది నాయనమ్మ. ఆ ముక్క మాత్రం చక్కగా వినబడింది.

గింజ వదిలిన చెయ్యి దొరికింది. ఎడ్లని తోలిన చెయ్యి దొరకాలి. ఎంత బతిమాలినా, ఎంత కోప్పడినా, అన్నం తిననని బెదిరించినా నాయనమ్మ నోరు విప్పలేదు. మాటిచ్చాను, అంతే అంది. ఎవరికి అంటే మళ్ళీ చెవుడు వచ్చేసింది.

*

పోలీస్ స్టేషన్లో రైటరు పెన్ను తీశాడు.

"ఏం పోయిందమ్మా?"

"పోలేదు. వచ్చింది."

ఆయన పెన్ను దించాడు. ఆమె చెప్పిందంతా విని, కళ్ళజోడు తుడుచుకుని, అంటే ఎవరో మీ చేలో పనంతా చేసి, కూలి అడక్కుండా వెళ్ళిపోయారా అని అడిగాడు. అవునంది. ఆ మనిషి దొరికితే మా మామగారి చేనుక్కూడా పంపించమ్మా అన్నాడు. పక్క బల్ల మీద కానిస్టేబులు నవ్వాడు.

"మీ స్కూటర్ని ఎవరో మిమ్మల్ని అడక్కుండా తీసుకెళ్ళి, సర్వీసింగ్ చేయించి తెచ్చి పెట్టారనుకోండి. ఏమంటారు?"

"థాంక్స్ అంటాను."

"వారం తర్వాత ఆ మనిషే వచ్చి, సర్వీసింగ్ నాది గనక బండి నాది, తాళం ఇవ్వు అంటే?"

రైటరు నవ్వు ఆపాడు. కానీ ఏ సెక్షన్ కింద రాయాలో ఆయనకీ తెలియలేదు. దొంగతనం అంటే ఎత్తుకుపోవడం, ఇది ఇచ్చిపోవడం అన్నాడు. అడక్కుండా చేసిన మేలు కూడా దొంగతనమేనని ఆమె స్టేషనంతా వినబడేలా చెప్పి బయటికి నడిచింది. ఆ మాట ఆమెకంటే ముందు ఊరు చేరింది.

తిరిగొస్తుంటే మట్టిరోడ్డు మలుపులో ట్రాక్టరు ఎదురైంది. దాని మీద స్టీరింగ్ ఉన్నాడు. స్టీరింగ్ అంటే ట్రాక్టరు నడిపే కుర్రాడు. చిన్నప్పుడు అన్నం కంచాన్ని కూడా రెండు చేతులా పట్టి తిప్పేవాడట, అప్పటినుంచి అదే పేరు. సొంత ట్రాక్టరు, సొంత పొగరు, నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట. ఆ సొట్ట గురించి ఆమెకి ఏ అభిప్రాయమూ లేదని ఆమె చాలాసార్లు తనకి తానే చెప్పుకుంది.

వాళ్ళిద్దరికీ నిరుటి నుంచి మాటల్లేవు. ఆ ఏడు దుక్కికి అతన్నే పిలిచారు. అతను వస్తూనే బండిని వాలు వెంబడి పైనుంచి కిందికి నిలువుగా దింపాడు. మలుపులు తక్కువ, డీజిలు తక్కువ, అందరూ అలాగే దున్నిస్తారన్నాడు. ఆమె వెళ్ళి బండికి ఎదురుగా నిలబడింది. నిలువుగా దున్నితే వాన పడ్డప్పుడు ప్రతి సాలూ ఒక కాలవ అవుతుంది, నా మట్టంతా వాగుపాలవుతుంది, వాలుకి అడ్డంగా తిప్పు అంది. చేను మీదే కావొచ్చు లాయరమ్మా, బండి నాది, అది ఎటు తిరగాలో నాకు తెలుసు అన్నాడతను, ఊళ్ళో జనం చూస్తుండగా. ఆ రోజు ఆమె చెప్పిన ఆఖరి మాట ఊరికంతటికీ కంఠతా వచ్చు. నీ టైరు నా గట్టు దాటిందంటే స్టేషన్లోనే కలుసుకుందాం.

ఇప్పుడు అతను బండి ఆపాడు. ఇంజను ఆపలేదు.

"నాన్నగారు ఎలా ఉన్నారు?"

"నడుస్తారు. పదునులో నీ బండి పాడైందట కదా."

అదీ ఊరంతా మండిపడుతున్న సంగతే. ఏడాదికొక్కసారి వచ్చే పదును, అందరూ బండి కోసం ఎదురుచూస్తున్న పొద్దున స్టీరింగ్ కనబడకుండా పోయాడు. మధ్యాహ్నం దాటాక వచ్చి, క్లచ్ పోయింది, పట్నం వెళ్ళొచ్చాను అన్నాడు. ఆ తర్వాత తెల్లవార్లూ లైట్లు వేసుకుని అందరి చేలూ విత్తాడు గానీ, తిట్లు మాత్రం తప్పలేదు.

"క్లచ్ పోయింది," అన్నాడతను రోడ్డు చూస్తూ.

"చేతికి ఆ గుడ్డలేమిటి?"

"స్టీరింగ్ వేడెక్కింది."

"ఇన్నేళ్ళుగా వేడెక్కనిది?"

అతను గేరు మార్చాడు. ట్రాక్టరు కదిలింది. స్టేషన్ నుంచే వస్తున్నారా అని అడిగాడు పోతూ పోతూ. అవును, దొరికితే వదలనంది ఆమె. సొట్ట ఒకసారి మెరిసి మాయమైంది. నవ్వాడో, భయపడ్డాడో తెలియలేదు.

*

ఆ సాయంత్రమే దొంగ తనంతట తనే ఇంటికొచ్చాడు.

బాబాయి. ఇస్త్రీ చొక్కా, చేతిలో పళ్ళ సంచీ. అన్నయ్య ఆరోగ్యం గురించి అడిగి, నిట్టూర్చి, కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చున్నాడు.

"స్టేషన్‌కి వెళ్ళావట. నన్నడిగితే నేనే చెప్పేవాణ్ణిగా అమ్మాయ్. విత్తించింది నేను."

ఆమె చప్పున నాయనమ్మ వైపు చూసింది.

"పదును పోతుంటే చూస్తూ ఊరుకుంటానా? పరాయివాణ్ణా? దగ్గరుండి నేనే విత్తించాను. మా అమ్మే విత్తనం తీసిచ్చింది. అడుగు కావాలంటే."

నాయనమ్మ పైట చెంగు నోటికడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. అవుననలేదు, కాదనలేదు. గోళ్ళలో గులాబీ రంగు ఇంకా పోలేదు. తల్లి కొడుక్కి సాయం చేయడంలో వింతేముంది. తనే పిచ్చిది.

ఆడపిల్లవి, ఎండలో ఈ అవస్థ నీకెందుకు అన్నాడు బాబాయి. విత్తినవాణ్ణి కాబట్టి కలుపూ కోతా తనే చూసుకుంటాడట. వాళ్ళ తిండికి సరిపడా గింజలు ఇంటికి పంపిస్తాడట. ఈ ఒక్క ఏడాదికే.

ఆ మాట వినగానే ఆమె లేచి నిలబడింది. "కింది చేను ఒక్క ఏడాది ఇంకా అవ్వలేదు బాబాయ్. ఇది రెండో ఒక్క ఏడాదా?"

"చూశావా అమ్మా దీని నోరు," అన్నాడు బాబాయి తల్లితో. మొలకెత్తిన రోజున ఊరిపెద్దని చేలోకే తీసుకొచ్చి అందరి ముందూ మాట ఖాయం చేసుకుంటానని చెప్పి, పళ్ళ సంచీ అక్కడే వదిలి వెళ్ళిపోయాడు. ఆమె ఆ పళ్ళని ఎడ్లకి వేసింది. వాటికీ నచ్చినట్టు లేదు.

ఫోనులో నాన్న గొంతు నీరసంగా ఉంది. పోనీలేమ్మా, వాడు మాత్రం ఎవరు, నేను లేచి తిరిగేదాకా వాణ్ణే చూసుకోనీ అన్నాడు. ఆమె సరేనని ఫోను పెట్టేసి, పెరట్లో కట్టెల మోపు ముందు కూర్చుని, కొట్టాల్సిన వాటికంటే చాలా ఎక్కువ కట్టెలు కొట్టింది.

కోపం చల్లారాక బుర్ర పనిచేసింది. ఆమె మళ్ళీ చేలోకి వెళ్ళి మట్టి తోడింది. ఒక గింజ దొరికితే, దాని తోటి గింజ ఎటువైపుందో వెతికింది. అలా వేళ్ళతోనే సాలుని పట్టుకుని కొంతదూరం పాకింది. లేచి నిలబడి, తను పాకి వచ్చిన దారి వైపు చూసి, చేతులకున్న మట్టి దులుపుకోవడం కూడా మర్చిపోయింది.

ఇంటికొచ్చాక ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నాయనమ్మకి కూడా.

*

మర్నాడు పెరట్లోని నీళ్ళ మోటారు ఆగిపోయిందని నాయనమ్మే స్టీరింగ్‌ని పిలిపించింది. మోటారుకి ఏ జబ్బూ లేదు, ఎవరో ఫ్యూజు పీకి దాచారు. ఎవరో అనుకోవడానికి ఇంట్లో మూడో మనిషి లేదు.

అతను పెరటి దారిన వచ్చాడు. కొట్టం దాటాలి. కొట్టంలో ఎర్రోడున్నాడు. ఎర్రోడు అంటే కుడి ఎద్దు. ఇంటివాళ్ళని తప్ప ఎవరినీ దగ్గరికి రానివ్వదు. పశువుల డాక్టరుని రెండుసార్లు గోడెక్కించింది. బాబాయి అయితే కొట్టం వైపు తొంగి చూడడు.

జాగ్రత్త అని అరవబోయి ఆగిపోయింది ఆమె. ఎర్రోడు కొమ్ములు దించలేదు. మెడ చాచి, స్టీరింగ్ చొక్కా జేబులో మూతి పెట్టి, బెల్లం ముక్క లాక్కుని, ఆ తర్వాత అతని మోచెయ్యి ప్రేమగా నాకింది.

అతను బిగుసుకుపోయాడు. ఆమె కూడా.

"మీ ఎద్దు మంచిదండీ," అన్నాడు చివరికి.

"నిన్నటిదాకా కాదు."

అతను మోటారు దగ్గరికి పోయి స్క్రూడ్రైవరు తీశాడు. చేతి గుడ్డలు విప్పేశాడు. అరచేతుల్లో బొబ్బలు చిట్లి ఎండుతున్నాయి. ట్రాక్టరు స్టీరింగ్ అలాంటి బొబ్బలు పెట్టదు. అలవాటు లేనివాడి చేతిలో ఎడ్ల పగ్గాలు పెడతాయి.

ఆమె అక్కడే నిలబడింది. ఎన్ని ప్రశ్నలు అడగొచ్చో అన్నీ నాలుక చివర ఉన్నాయి. కానీ అడిగి చెప్పించుకుంటే అది ఒప్పుకోవడం ఎలా అవుతుంది? అందుకని ఆమె బాబాయి వచ్చి చెప్పిన మాట మొత్తం చెప్పింది. విత్తింది తనేనన్నాడని, మొలకెత్తిన రోజున ఊరిపెద్ద ముందు ఆ మాట ఖాయం చేసుకుంటాడని, నాన్న కూడా సరేనన్నాడని. చెప్పి, అతని ముఖంలోకి చూసింది.

స్టీరింగ్ స్క్రూడ్రైవరు చేతిలో అటూ ఇటూ తిప్పాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఏదో అనబోయాడు. ఆ తర్వాత తల వంచుకుని, ఫ్యూజు లేదండీ, దొరికితే పెట్టుకోండి అనేసి వెళ్ళిపోయాడు.

ఆమె లోపలికి వచ్చి నాయనమ్మ ముందు కూలబడింది.

"చేయనివాడు చేశానంటాడు. చేసినవాడు చేయలేదంటాడు. ఈ మగాళ్ళలో ఒక్కడికైనా సరైన అబద్ధం చెప్పడం వచ్చా నాయనమ్మా?"

నాయనమ్మ ఈసారి చెవుడు నటించలేదు. మనవరాలి జుట్టు వెనక్కి దువ్వుతూ మెల్లగా అంది. "ఒకడు నా కొడుకు. నలుగురిలో వాణ్ణి అబద్ధాలకోరు అని నేనే అనాలా? ఇంకొకడికి చెప్పనని మాటిచ్చాను. నా నోటికి రెండు పక్కలా కుట్లు వేసి కూర్చోబెట్టారే తల్లీ."

"వాడెందుకు చెప్పడు?"

"టైరు దాటితే స్టేషన్ అన్నావు. అడక్కుండా చేస్తే దొంగతనం అన్నావు. పెళ్ళి కాని పిల్ల చేను, పెళ్ళి కానివాడు విత్తాడంటే ఊరు ఏమంటుందోనని వాడి భయం. నువ్వు మాట పడకూడదని నోరు కట్టుకున్నాడు. పిచ్చి సన్నాసి."

అది విని ఆమె కోపం ఇంకా పెరిగింది. తన చేను గురించి బాబాయి నిర్ణయిస్తాడు. తన పరువు గురించి స్టీరింగ్ నిర్ణయిస్తాడు. తనని అడగాలని మాత్రం ఒక్కడికీ తోచదు.

*

మొలక లేచింది. తడిమట్టిని పగలగొట్టుకుని, మడిచిన ఆకులు తలెత్తిన ఉదయం ఊరు సగం చేను దారి పట్టింది. వానాకాలంలో అంతకంటే మంచి వినోదం వాళ్ళకి లేదు. ఊరిపెద్ద గొడుగు వేసుకుని వచ్చాడు. బాబాయి ఇంకో ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. జనం వెనక, చేతులు జేబుల్లో పెట్టుకుని స్టీరింగ్ నిలబడ్డాడు.

ఆమె ఎడ్లని తోలుకొచ్చి అందరికీ ఎదురొచ్చింది. వాళ్ళు నిలబడ్డ చోటు దిబ్బకి ఇవతల. చేను దిబ్బకి అవతల. ఇంకా ఎవరికీ కనబడదు.

"పెద్దయ్యా, చేను చూసే ముందు బాబాయిని ఒక్క మాట అడగొచ్చా?"

అడగమన్నాడు ఊరిపెద్ద.

"బాబాయ్, దగ్గరుండి విత్తించావు కదా. సాళ్ళు ఎటు వేయించావు?"

"ఇదేం ప్రశ్న?" నవ్వాడు బాబాయి. "ఎటు వేస్తారు? నిలువుగా. దారం పట్టినట్టు తిన్నగా వేయించాను. నా చేత్తో ఇన్నేళ్ళుగా వంకర సాలు పడింది లేదు."

ఆమె పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది.

అందరూ దిబ్బ ఎక్కారు. ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే ఆగిపోయారు. కింద చేనంతా పచ్చటి గీతలు. వాలుకి అడ్డంగా, ఈ గట్టు నుంచి ఆ గట్టుకి. తిన్నగా ఒక్కటీ లేదు. మొదటి సాళ్ళు పాము పాకినట్టున్నాయి. మధ్యలో ఒకటి రెండుగా చీలి మళ్ళీ కలుసుకుంది. చివరికొచ్చేసరికి కాస్త దారిలో పడ్డాయి, అప్పుడప్పుడే నడక వచ్చిన పిల్లాడి అడుగుల్లా.

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత ఇంక ఆపడం ఊరిపెద్ద వల్ల కూడా కాలేదు. దారం బాగా చిక్కుపడింది చిన్నయ్యా అన్నారెవరో వెనక నుంచి.

బాబాయి ముఖం చొక్కా కంటే తెల్లగా అయింది. కూలివాళ్ళు తప్పు చేసుంటారన్నాడు. ఏ కూలివాళ్ళు అంటే పేరు రాలేదు. అప్పుడు నాయనమ్మ కర్ర పొడుచుకుంటూ ముందుకొచ్చింది.

"చాల్లేరా చిన్నోడా. గింజ వదిలింది నేను. ఆ పూట నువ్వు ఈ ఛాయలకే రాలేదు. ఇంటికి పో. పోతూ పోతూ, కింది చేను ఎప్పుడిస్తావో మీ అన్నయ్యకి ఫోను చేసి చెప్పు."

ఊరిపెద్ద గొడుగు మూసి, ఆ రెండో సంగతి కూడా తన చెవిన పడిందన్నాడు. బాబాయి వెళ్ళబోతూ వెనక్కి తిరిగాడు. పాము తోక తొక్కితే ఊరుకోదు.

"సరే, నేను కాదు. మరెవరు? పేరు లేకుండా విత్తినవాడు ఉంటాడా? చెప్పమను. అందరం వింటాం."

జనమంతా ఆమె వైపు తిరిగారు. ఆమె నిదానంగా ఎర్రోడి మెడ నిమిరింది.

"నాకు తెలుసు. నేను చెప్పను. నా చేను గురించి నా వెనక చాలామంది చాలా అనుకున్నారు. ఇవాళైనా ఒకరు నా ఎదుట నిలబడి, నాతో చెప్పాలి. చెప్పకపోతే ఆ మనిషి ఎవరో నేనూ మర్చిపోతాను."

ఎర్రోడు జనం వైపు మెడ చాచి ఏదో వాసన పట్టింది. వెనక వరసలో కదలిక వచ్చింది. జనం చీలి దారి ఇచ్చారు. స్టీరింగ్ వచ్చి ఆమెకి ఎదురుగా, నిరుడు ఆమె తన బండికి ఎదురుగా నిలబడ్డంత దూరంలో నిలబడ్డాడు. జేబుల్లోంచి చేతులు తీశాడు. ముందు ఊరిపెద్దకి చెప్పబోయి, తడబడి, ఆమె వైపే తిరిగాడు.

"నేనే విత్తాను. ముందు అది ఒప్పుకుంటున్నాను. క్లచ్ పోలేదు. క్లచ్ బంగారంలా ఉంది. ఆ పొద్దున బండి తీసుకుని ఈ దారినే వెళ్తున్నాను. అందరి చేలలోనూ మనుషులున్నారు, మీ చేలో ఎవరూ లేరు. అవ్వ ఒక్కతే విత్తనాల సంచీ పక్కన పెట్టుకుని, ఎడ్లకి కాడి ఎత్తలేక ఎత్తుతోంది. నేను బండితో విత్తేస్తానన్నాను. నీ టైరు దాటకూడదని నా మనవరాలు చెప్పింది, దాని మాట నేను తీసెయ్యనంది అవ్వ. బండిని దిబ్బ చాటున ఆపి, మరి నేను దాటొచ్చా అని అడిగాను. నీ సంగతి అదేమీ చెప్పలేదు అంది.

నాకు ఎడ్లు తోలడం రాదు. నవ్వండి, సాళ్ళు చూశారుగా. నేను ఎడ్లని తోలలేదు, అవే నన్ను లాక్కెళ్ళాయి. ఎర్రోడు రెండుసార్లు కింద పడేశాడు. బెల్లం పెట్టాకే మాట విన్నాడు. గింజ వదలకముందు, అలవాటుకొద్దీ ఎడ్లని నిలువుగా తిప్పాను. తిప్పగానే మీరు ఎదురుగా నిలబడ్డట్టే అనిపించింది, ఆ చెయ్యి అలా చాపి. అప్పుడు తిట్టారనుకున్నాను. మట్టిలో కాళ్ళు పెట్టి వాలు చూశాక గానీ నాకు తెలియలేదు, మీరు నన్ను తిట్టలేదు, ఈ మట్టిని కాచుకున్నారు. అందుకే అడ్డంగా వేశాను. వంకరే గానీ అడ్డమే. మొన్నటి జల్లుకి ఒక్క పిడికెడు మట్టి కిందికి జారలేదు. రోజూ వచ్చి చూశాను. అదీ మిమ్మల్ని అడక్కుండానే.

అవ్వ చేత చెప్పనని మాట తీసుకున్నది కూడా నేనే. మీ పేరు పాడవుతుందని అనుకున్నాను. మీరు మోటారు దగ్గర నిలబడి అంతా చెప్పినప్పుడు కూడా నోరు మూసుకుని వెళ్ళిపోయాను. అది విత్తడం కంటే పెద్ద తప్పు. మీ పేరు సంగతి మీరు చూసుకోగలరు, నాకు చూసే హక్కు ఎవరిచ్చారు? అడక్కుండా చేసిన మేలు కూడా దొంగతనమేనని స్టేషన్లో అన్నారట. నిజమే. నేను దొంగనే. కోతలో నాకేమీ వద్దు, పెద్దయ్య ముందే చెబుతున్నాను, చేను ఆమెది, గింజ ఆమెది.

ఇంకొక్కటుంది. నిరుటి నుంచి మీ చేను మలుపు దగ్గర బండి ప్రతిసారీ నెమ్మదిస్తుంది. దానికీ క్లచ్ కారణం కాదు. ఇన్నాళ్ళూ అడక్కుండా చేశాను, ఇప్పుడు అడుగుతున్నాను, ఊరంతా వినేలా. కలుపుకి రానా? కోతకి రానా? కోత అయ్యాక, నాన్నగారు నడిచి ఇంటికొచ్చాక, మా అమ్మని తీసుకుని మీ ఇంటికి రానా? వద్దంటే ఇప్పుడే గట్టు దిగి పోతాను, మళ్ళీ నా నీడ కూడా ఇటు పడదు.

ఏమిటిది, పగ్గాలు నా చేతికిస్తున్నారేమిటి? ఇప్పుడేనా? ఇంతమంది ముందా? సరే, పట్టుకున్నాను. కానీ ముందు ఒక మాట చెప్పండి. అడుగుతున్నాను, చూడండి. ఎటు తిప్పమంటారు?"